గురువు చేతి రీలు

తిమ్మరాజు మాస్టారిని ఏ ప్రశ్న అడిగినా వెంటనే జవాబు రాదు. చింతమొగలో ఆ సంగతి అందరికీ తెలుసు. అడిగినవాళ్ల ముఖంలోకి కాసేపు చూస్తారు, తర్వాత ఏటివైపు చూస్తారు, "పోటు రానీ, చూద్దాం" అంటారు. ఏట్లోకి సముద్రపు పోటు వస్తుంది, పోతుంది, మళ్లీ వస్తుంది. అడిగినవాడు విసుగెత్తి తన ప్రశ్న తానే మరిచిపోయే వేళకి ఏదో ఒక పని అప్పజెబుతారు. ఆ పని చేసొచ్చాక చాలామందికి జవాబుతో అవసరం ఉండేది కాదు. కొందరికి మాత్రం ఆ పని తమకెందుకు చెప్పారో ఎప్పటికీ అంతుపట్టేది కాదు. అటువంటి వాళ్లని ఆయన పల్లెత్తు మాట అనకుండా కాఫీ ఇచ్చి పంపించేవారు.

గౌతమి సముద్రంలో కలిసేచోట, మడ అడవుల అంచున ఉంటుంది ఆ ఊరు. హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యాక ఆయన ఏటిగట్టు మీద ఒక తాటాకు పాక వేసి, పిల్లలకి గాలం నేర్పడం మొదలుపెట్టారు. తిండికోసం వేసే గాలం కాదది, పోటీకి వేసేది. రంగువేసిన బొమ్మచేపని దూరంగా విసరాలి. నీళ్లలో అది బతికున్నదేమో అనిపించేలా ఆడించాలి. పండుగప్ప చేప వచ్చి దాన్ని మింగబోతే పట్టుకుని, పలక మీద పెట్టి కొలిచి, మళ్లీ ఏట్లో వదిలేయాలి. ఇంటిల్లిపాదీ వేళ్లు నాక్కుంటూ తినే చేపని చేతిదాకా తెచ్చుకుని వదిలేయడమేమిటని ఊరు మొదట్లో బుగ్గలు నొక్కుకుంది. ఎవరి పిచ్చి వారికానందం అనుకుంది. పిల్లలు పతకాలు తేవడం మొదలెట్టాక అదే ఊరు, ఆ పిచ్చి తమకి పుట్టుకతోనే ఉన్నట్టు మాట్లాడింది.

మాస్టారి దగ్గర గాలం పట్టిన మొదటి ఆడపిల్ల హైమావతి. గాలం కర్ర ఆమెకంటే పొడుగ్గా ఉన్నప్పుడు చేరింది. పోటీల్లో మగవాళ్లని కూడా వెనక్కి నెట్టి, వరసగా ఏళ్ల తరబడి గెలిచింది. మాస్టారి మోకాళ్లు మొరాయించాక పిల్లల్ని గట్టుమీద నిలబెట్టి నేర్పడం, ఎవరికి ఏ సామాను ఇవ్వాలో ఎంచడం ఆమె పనులయ్యాయి. కోపం ముక్కుమీదే ఉండే మనిషి. ప్రేమ కూడా అక్కడికి దగ్గర్లోనే ఎక్కడో ఉండేది కాబట్టి పిల్లలు ఆమెని ఒక్క పూట వదిలేవారు కారు.

సామాను ఎంపికలో కర్ర సంగతి సులువే, బొమ్మచేప సంగతి ఇంకా సులువు. తల తినేది దారం చుట్టుకునే రీలు. రీళ్లలో రెండు రకాలున్నాయి. ఒకటి కర్ర కింద వేలాడుతుంది, పిల్లలు దాన్ని కిందరీలంటారు. విసిరితే దారం దానంతటదే జారిపోతుంది, ఎవరైనా ఒక పూటలో నేర్చుకోవచ్చు. రెండోది కర్ర మీద కూర్చుంటుంది. అది పైరీలు. దాంతో విసిరినప్పుడు దారం చుట్టిన చక్రమే గిర్రున తిరుగుతుంది. బొమ్మచేప నీళ్లని తాకే క్షణానికి బొటనవేలితో ఆ చక్రాన్ని ఆపాలి. వేలు వేళకి పడితే బొమ్మచేప అనుకున్నచోట, మడచెట్ల వేళ్ల సందులో, పువ్వు రాలినట్టు వాలుతుంది. అందుకే గెలిచేవాళ్ల కర్రలమీద చాలావరకు పైరీలే కనిపిస్తుంది. వేలు కాస్త ఆలస్యమైందా, చక్రం తిరుగుతూనే ఉంటుంది, దారం లోపల్లోపలే పెనవేసుకుపోయి కొబ్బరిపీచులా ఉబ్బుతుంది. ఆ పిల్లల భాషలో దాన్ని "పీచు పడటం" అంటారు. పీచు పడితే అది విప్పుకునేసరికి చేపలు పొరుగూరు వెళ్లిపోతాయి.

మాస్టారి గాలం బడిలో ఒక ఆచారం ఉంది. విజయదశమినాడు ఆయుధపూజకి కర్రలూ రీళ్లూ పీటమీద పెట్టి కుంకుమబొట్లు పెడతారు. పూజయ్యాక గురువు ఒక్కొక్క రీలునీ తమలపాకు మీద ఉంచి ఇస్తే, శిష్యులు కళ్లకద్దుకుని తీసుకుంటారు. అలా గురువు చేతిమీదుగా వచ్చిన రీలుని మళ్లీ దసరా వచ్చేదాకా ఎవరూ మార్చరు. మార్చకూడదని మాస్టారు ఏనాడూ అనలేదు. ఎవరు అన్నారంటే ఎవరూ చెప్పలేరు. ఎవరు పెట్టారో తెలిసిన నియమాన్నైతే వాళ్లని బతిమాలి సడలించుకోవచ్చు, దీనికి ఆ వీలు కూడా లేకపోయింది. పిల్లలు దాన్ని తూచా తప్పకుండా పాటించేవారు.

కిందటి దసరాకి హైమావతి తన సొంత రీలు తెచ్చి పీటమీద పెట్టింది. తను గెలిచిన పతకాలన్నీ దాంతో గెలిచినవే. అది ఎవరికిస్తుందా అని పిల్లలంతా ఊపిరి బిగబట్టి చూస్తుంటే నూకరత్నాన్ని పిలిచింది. నూకరత్నానికి పదమూడేళ్లు. వయసుకి చిన్నగా కనిపించే పిల్ల, మాట తక్కువ. కానీ ఆ పిల్ల ఏటిని చూసే చూపు వేరు. రొయ్యపిల్లలు ఎగిరిపడే తీరుని బట్టి, నీటిమీద కనీకనిపించని ఒక ముడతని బట్టి, చేప ఎక్కడ పొంచి ఉందో వేలుపెట్టి చూపించేది. పట్టుమని ఏడాది కాకుండానే ఆ విద్య ఎలా అబ్బిందో హైమావతికే అర్థంకాలేదు. తనకి ఇన్నేళ్లకి గాని కుదరని చూపు ఈ పిల్లకి ఊరికే వచ్చిందే అని ఆమె మురిసిపోయింది. ఇంత పిల్లకి ఇవ్వదగ్గది తన రీలే అనుకుంది. అంతకంటే మంచి రీలు ఆ బడిలో లేదన్నది నిజమే.

ఆ రోజునుంచి రత్నం రోజూ పొద్దున్నే రీలుని కళ్లకద్దుకునేది, విసిరేది, పీచు పడేది. గట్టుమీద ఒక పక్కకి పోయి కూర్చుని ఆ పీచు విప్పుకునేది, వచ్చి మళ్లీ విసిరేది. చేప ఉన్నచోటు తను చూపిస్తే పక్కవాళ్లు పట్టేవారు. హైమావతి పక్కన నిలబడి నేర్పింది, బొటనవేలు ఎక్కడ ఉంచాలో తన వేలు ఆనించి చూపించింది, ఓపిక పట్టింది, కోప్పడింది, మళ్లీ ఓపిక పట్టింది. తన వేలు కూడా మొదట్లో బొబ్బలెక్కిందని, విద్య ఊరికే రాదని చెప్పింది. రత్నం ప్రతిదానికీ తలూపింది. నెలలు గడిచాయి, సంక్రాంతి దాటింది, శివరాత్రి దాటింది, పీచు మాత్రం పడుతూనే ఉంది.

వేసవి సెలవుల్లో పద్నాలుగేళ్ల లోపు పిల్లలకి పండుగప్ప పోటీలు పెడుతున్నారు. బడినుంచి నలుగురు వెళ్లాలి. ముగ్గురు కుదిరారు. నాలుగో చోటు దగ్గర హైమావతి ఆగిపోయింది. వచ్చే ఏటికి రత్నానికి పద్నాలుగు నిండిపోతాయి. పైగా ఈసారి పోటీకి వెళ్లని పక్షంలో గాలం మానిపించి టైలరింగులో చేర్పిస్తానని వాళ్లమ్మ తేల్చిచెప్పింది. తీసుకెళ్తే అంతమందిలో పీచు విప్పుకుంటూ కూర్చుంటుంది. తీసుకెళ్లకపోతే అటువంటి చూపున్న పిల్ల ఏటికి దూరమైపోతుంది. హైమావతి మింగలేక కక్కలేక ఒక మధ్యాహ్నం పాకకి వెళ్లింది.

మాస్టారు వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ కూర్చున్నారు. ఆమె సంగతంతా చెప్పింది. పిల్లలో లోపం లేదంది, రీలులో అసలే లేదంది. అయినా రెండూ కలవడం లేదంది. చివరికి ఇన్నాళ్లుగా తనలో తను నలుగుతున్న మాట అడిగేసింది.

"రీలుకి తగ్గట్టు పిల్లని తయారుచెయ్యాలా, పిల్లకి తగ్గట్టు రీలు చూడాలా, మాస్టారూ? మీరైతే ఏం చేస్తారండి?"

మాస్టారు ఆమెవైపు చూశారు, ఏటివైపు చూశారు. ఒలిచిన గింజలు కొన్ని ఆమె దోసిట్లో పోశారు. పోటు రానీ, చూద్దామన్నారు.

మర్నాడు పొద్దున్నే పిల్లలు గట్టుమీద వరసగా నిలబడేసరికి, ఎప్పుడో తప్ప పాక దిగని మాస్టారు చేతికర్ర ఊతంగా అక్కడికి వచ్చారు. ఆయన సంచిలో ఒక గుడ్డమూట ఉంది. అది విప్పగానే పెద్దపిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అది మాస్టారి సొంత పైరీలు. దానికి తగిలిన చేపల గురించి ఆ ఏటిమీద కథలున్నాయి. ప్రతి కథలోనూ చేప కాస్త కాస్త పెరుగుతూ వచ్చింది, అది వేరే సంగతి. మాస్టారు దాన్ని తమలపాకు మీద పెట్టి, పిల్లలందరి ఎదుటా హైమావతికి అందించి, ఇవాళ నువ్వూ వీళ్లతోపాటు వెయ్యమ్మా అన్నారు. హైమావతికి కళ్లు చెమర్చాయి. ఆయన తన రీలుని ఎవరినీ తాకనివ్వరు. తన ప్రశ్నకి జవాబు సంగతి అలా ఉంచి, ఇంత గౌరవం చేస్తారని ఆమె కలలో కూడా అనుకోలేదు. కళ్లకద్దుకుని తీసుకుని కర్రకి బిగించింది.

మాస్టారిది పుర్రచేతి వాటం. ఆ రీలుకి దారం చుట్టే పిడి ఎడంపక్కన ఉంది. ఆయన అరచెయ్యి తామరాకంత ఉంటుంది, రీలు కూడా దానికి తగ్గట్టే ఉంది. హైమావతి బొటనవేలు చాచినా చక్రాన్ని అంచుమీద తాకుతోందే గానీ, మీద పడటం లేదు. తన అనుభవం ముందు అదొక లెక్కా అనుకుని విసిరింది. బొమ్మచేప అవతలి ఒడ్డుకి సగం దూరంలో చప్పున పడింది, చక్రం మాత్రం తిరుగుతూనే ఉండిపోయింది. ఆమెకి పీచు పడి ఎన్నాళ్లయిందో ఆమెకే గుర్తులేదు. పిల్లలు నవ్వలేదు. నవ్వితే కొంత నయంగా ఉండేది. అందరూ మర్యాదగా ఏటివైపు చూస్తూ నిలబడ్డారు.

రెండోసారి విసిరింది, మళ్లీ పీచు పడింది. ఈసారి మరీ గట్టిగా బిగుసుకుంది. గోళ్లతో లాగుతుంటే ఇంకా బిగుసుకుంటోంది. అప్పుడు రత్నం తన కర్ర నేలమీద పెట్టి, చప్పుడు చేయకుండా వచ్చి పక్కన కూర్చుంది. గౌనుకి పెట్టుకున్న పిన్నీసు తీసింది. చక్రాన్ని ఒక వేలితో నొక్కిపట్టి పిడిని కొంచెం తిప్పింది, వదిలింది, పిన్నీసు మొనతో ఒక్క పోగుని పైకి లేపింది, మళ్లీ నొక్కి తిప్పింది. కంగారు లేదు, తడుముకోవడం లేదు. ముల్లు గుచ్చుకున్న కాలిని తల్లి పట్టుకున్నంత నెమ్మదిగా ఆ రీలుని పట్టుకుంది. హైమావతి చూస్తుండగానే ఆ ముద్దంతా విడివిడి పోగులై జారిపోయింది. ఇంత ఒడుపుగా పీచు విప్పేవాళ్లని ఆమె పోటీల్లో సైతం చూడలేదు. దసరానుంచి ఈ పిల్ల నేర్చుకున్న విద్య ఇదన్నమాట అనుకుంది. ఆ మాట ఎక్కడో కలుక్కుమంది గానీ, పిల్లలంతా చూస్తున్నారని లేచి నిలబడింది.

ఆ తర్వాత రత్నమే వేలు చూపించింది. అవతల మడవేళ్ల మధ్య ఒక నీడలాంటి చోటు. హైమావతి ఈసారి పైనుంచి కాకుండా పక్కనుంచి విసిరి, ఎలాగో బొమ్మచేపని అక్కడికి చేర్చింది. పండుగప్ప వచ్చి కొట్టింది. నీళ్లు చీల్చుకుని పైకి లేచి తల విదిలించింది. ఆ క్షణంలో దారం బిగువు తప్పకుండా చుట్టాలి. ఆమె కుడిచెయ్యి అలవాటు చొప్పున పిడికోసం వెతికింది, అక్కడ పిడి లేదు. ఎడమచెయ్యి పిడి పట్టుకునేలోపు దారం వదులైంది, చేప బొమ్మని ఉమ్మేసి వెళ్లిపోయింది. నవ్వేవాళ్ల ముందు కాలు జారినా బాధలేదు గాని, గౌరవించేవాళ్ల ముందు జారితే ఆ బాధ పడినవాళ్లకే తెలుస్తుంది.

గట్టుమీద కుర్చీలో కూర్చున్న మాస్టారు పిల్లలందరికీ వినబడేలా అడిగారు, రీలు ఎలా ఉందని. హైమావతి చాలా బావుందండి అంది. చేతికి సరిపోయిందా అని అడిగారు. సరిపోయిందండి, నాకే ఇవాళ వాటం కుదర్లేదండి అంది. అయితే రేపు కూడా దాంతోనే వెయ్యమ్మా అని ఆయన లేచి వెళ్లిపోయారు.

రెండో రోజు మొదటి రోజుకంటే అధ్వాన్నంగా గడిచింది. బొటనవేలు చర్మం లేచింది. మణికట్టు వాచింది. తనకి నిజంగా విద్య తగ్గిపోయిందేమో, ఇన్నాళ్లూ గెలిచినవి గాలివాటంగా గెలిచినవేమో అని ఒక దశలో అనుమానం కూడా వచ్చింది. అయినా రీలుని తప్పుపట్టాలని తోచలేదు. అటువంటి రీలు తన చేతిలో ఉండగా ఇలా జరుగుతోందంటే లోపం తన చేతిలోనే ఉండాలి కదా అనుకుంది. పంటిబిగువున సాయంత్రం దాకా విసిరి, పిల్లల్ని ఇళ్లకి పంపేసి, రీలు తుడిచి పాకకి వెళ్లింది. మాస్టారు ఆమె బొటనవేలు చూశారు. లోపల్నుంచి వెన్న తెచ్చి ఆయనే రాశారు. రాస్తూ, చాలా మామూలుగా, వేరే ఏదో అడుగుతున్నట్టు అడిగారు.

"నువ్విచ్చిన రీలు గురించి రత్నం ఏమంటుందమ్మా?"

"చాలా బావుందనే అంటుందండి. చేతికి సరిపోయిందనే..."

హైమావతి మాట అక్కడ ఆగిపోయింది. ఆ మాటలు తను ఎక్కడ విందో ఆమెకి వెంటనే గుర్తొచ్చింది. నిన్న పొద్దున్న గట్టుమీద తన నోటినుంచే విన్నది. ఆమె తలవంచుకుంది. చిన్నదైపోయినట్టు అనిపించింది, ఏడుపొచ్చింది. దసరానుంచి పొద్దున్నే ఆ రీలుని కళ్లకద్దుకుని, ఒక పక్కన కూర్చుని పిన్నీసుతో పీచు విప్పుకుంటూ, లోపం నాలోనే ఉందక్కా అన్నట్టు తలూపిన పిల్ల కళ్లముందు కదలాడింది. తను రెండు రోజులు మోసిన బరువుని ఆ చిన్నచేతులు ఇన్ని నెలలు మోశాయి. మాస్టారు వెన్న గిన్నె మీద మూత పెట్టి, పోటు వేళ అవుతోంది ఇంటికెళ్లమన్నారు.

చాలామందికి తప్పు తెలిసాక నాలుగు రోజులు తమని తాము తిట్టుకోవడంతోనే సరిపోతుంది. హైమావతిలో గొప్పతనం ఏమిటంటే ఆమె అందుకు ఒక పూట కూడా తీసుకోలేదు. మర్నాడు పిల్లలంతా చేరాక, కుర్చీలో ఉన్న మాస్టారి ముందుకి వెళ్లి నిలబడింది. రీలు రెండు చేతులతో పట్టుకుని, అందరికీ వినపడేటట్టు చెప్పింది.

"ఇది నా చేతికి సరిపోలేదు మాస్టారూ. తీసుకోండి."

గట్టుమీద పిల్లలు ఉలిక్కిపడ్డారు. గురువు చేతి రీలుని తిరిగి ఇవ్వడమన్నది ఆ బడి పుట్టాక జరగలేదు. మాస్టారు, తాగేసిన కాఫీగ్లాసు అందుకున్నంత తేలిగ్గా దాన్ని అందుకుని సంచిలో పడేసుకున్నారు. ఎండ ఎక్కకముందే మొదలెట్టమన్నారు. ఆకాశం విరిగి ఎవరి మీదా పడలేదు. పిల్లలు ఒక్కొక్కరే ఊపిరి వదిలారు. రత్నం మాత్రం కళ్లార్పకుండా హైమావతినే చూస్తూ ఉండిపోయింది.

హైమావతి చాప పరిచి బడిలో ఉన్న రీళ్లన్నీ దానిమీద పెట్టింది. పైరీళ్లూ కిందరీళ్లూ, పెద్దవీ చిన్నవీ, రంగు వెలిసినవీ కొత్తవీ అన్నీ. రత్నం దగ్గరున్న తన రీలు కూడా తీసి వాటి మధ్యలోనే పెట్టి, నీకు నచ్చింది తీసుకోమంది. రత్నం అక్క రీలే బావుందంది. హైమావతి ఇంకో రీలు చేతికిచ్చి పట్టుకుని చూడమంది. రత్నం పట్టుకుంది గానీ, చూసింది మాత్రం హైమావతి ముఖంలోకి. ఇంకోటి ఇచ్చింది. మళ్లీ అంతే, వేళ్లు రీలుమీద ఉన్నాయి, కళ్లు ఆమె కనుబొమల మీద ఉన్నాయి. ఏ రీలు పట్టుకుంటే అక్క సంతోషిస్తుందో అక్కడ వెతుకుతోంది. చేప ఎక్కడుందో నీటి ముడతల్లో చదివే పిల్లకి ముఖంలో ముడతలు చదవడం ఎంత పని? తను నవ్వినా చదువుతుంది, నవ్వకుండా బిగబట్టినా చదువుతుంది.

హైమావతికి అప్పుడు తట్టింది. లేచి, పది అడుగులు నడిచి మాస్టారి కుర్చీ పక్కన, ఏటికి వీపుపెట్టి గట్టుమీద కూర్చుంది. నేను ఇటే చూస్తూ ఉంటాను, నువ్వు తీసుకుని వెయ్యి రత్నం అని చెప్పింది. ఆమె ఎదుట ఇప్పుడు సరుగుడు తోట, ఎండలో మేస్తున్న రెండు గేదెలు తప్ప ఏమీ లేవు. జీవితమంతా ఏటివైపు చూస్తూ బతికిన మనిషికి అదొక శిక్షే.

వెనకాల చాలాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత చాపమీద ఒక రీలు పెట్టిన చప్పుడు, ఇంకోటి ఎత్తిన చప్పుడు. మళ్లీ పెట్టిన చప్పుడు. కర్రకి బిగిస్తున్న కిరకిర. గాలిలో కర్ర కొట్టిన ఈల, ఆవల ఎక్కడో నీటిమీద టుప్పుమని చిన్న సవ్వడి. హైమావతి ఊపిరి బిగబట్టింది. ఆ తర్వాత రావలసిన నిశ్శబ్దం ఆమెకి బాగా తెలుసు, పిల్ల ఒక పక్కకి పోయి కూర్చునే నిశ్శబ్దం. అది రాలేదు. తీరుబాటుగా దారం చుట్టుకుంటున్న చప్పుడు వచ్చింది. మళ్లీ ఈల, మళ్లీ టుప్పు, మళ్లీ చుట్టుకోవడం. మడవేళ్ల సందులో ఎంత లోపల పడుతోందో ఆ టుప్పుని బట్టే ఆమె చెప్పగలదు. ఒకసారికంటే ఒకసారి లోపల పడుతోంది. తల తిప్పి చూడాలని ప్రాణం కొట్టుకుంది. గేదెలనే చూస్తూ కూర్చుంది.

నాలుగో చోటు రత్నానిదేనండి అని ఆమె మాస్టారితో చెప్పింది. ఇంకా ఒక్క చేపా పడకముందే చెప్పింది. మాస్టారు విన్నట్టు తల పంకించారు.

ఆ తర్వాత పడింది. ముందు ఒక దెబ్బ, బకెట్టు బోర్లించినట్టు. తర్వాత దారాన్ని చేప లాక్కుపోతుంటే రీలు పాడే పాట. పిల్లలు అరుస్తున్నారు. పండుగప్ప పైకి లేచి తల విదిలించిన చప్పుడు స్పష్టంగా వినబడింది. ఇదే ఆ క్షణం. కర్ర దించు, చుట్టు, బిగువు వదలకు అని హైమావతి గొంతుదాకా వచ్చిన మాటల్ని పళ్లబిగువున ఆపుకుంది. చీర కొంగుని పిడికిట్లో నలిపేసింది. తను ఎన్ని పోటీల్లో గెలిచినా ఏ చేపతోనూ అంత పోరాటం చేయలేదు. వెనకనుంచి రత్నం గొంతు ఒక్కసారి వినిపించింది. ఎప్పుడూ పెదవి విప్పని పిల్ల, పక్కవాళ్లెవరో సాయం రాబోతే కాబోలు, నేను తెచ్చుకుంటాను, ఉండండి అంది. ఆ మాటకి హైమావతి కళ్లవెంట నీళ్లు ధారగా కారాయి. తుడుచుకోలేదు.

ఎంతసేపు పట్టిందో గాని, చేప గట్టుకి వచ్చింది. పలకమీద తడితోక కొట్టుకున్న చప్పుడు, ఎవరో కొలత చదివితే పిల్లలు పెట్టిన కేకలు, తర్వాత దాన్ని నీళ్లలో పట్టుకుని నెమ్మదిగా ఊపుతూ తేరుకోనిచ్చి వదిలేసిన గలగల, అన్నీ ఆమె వీపుతోనే విన్నది. హైమావతి ఇంక ఆగలేకపోయింది. తల మాత్రం తిప్పకుండా, గేదెలవైపే చూస్తూ అడిగింది.

"పైరీలు తీసుకుందా, కిందరీలు తీసుకుందా, మాస్టారూ? నాదేనా?"

మాస్టారు ఏటిలోకి తేరిపార చూసి, నవ్వారు.

"చేపకి తెలిసింది కదమ్మా," అన్నారు. "ఇంక మనకెందుకు?"